రాయడం నేర్పకుండా మార్కులు వేసే హక్కు ఎవరిచ్చారు?

‘ఇప్పుడొచ్చే పిల్లలకి ఒక్క పేరా సొంతంగా రాయడం రాదండీ, స్టాండర్డ్స్ పూర్తిగా పడిపోయాయి’ అనే మాట విశ్వవిద్యాలయాల స్టాఫ్ రూముల్లో నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ వింటున్నాను. ఈ మాట అనేవాళ్లలో అభ్యుదయవాదులున్నారు, సామాజిక న్యాయం గురించి పుస్తకాలు రాసినవాళ్లున్నారు, స్త్రీవాదులూ ఉన్నారు. పిల్లలకు రాయడం రావడం లేదన్నది అబద్ధం కాదు. కానీ రానిది ఎవరికి, వాళ్లకు ఎవరైనా ఎప్పుడైనా ఎక్కడైనా నేర్పారా అని అడగకుండా స్టాండర్డ్స్ గురించి మాట్లాడటంలో ఒక రాజకీయం ఉంది. నేర్పవలసినవాళ్ల బాధ్యత అక్కడ నేర్చుకోవలసినవాళ్ల లోపంగా మారిపోతోంది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒకటే. చిన్న ఊళ్ల డిగ్రీ కాలేజీల నుంచి విశ్వవిద్యాలయానికి మారి వచ్చే విద్యార్థులకు అకడమిక్ రచననూ, సెమినార్ పద్ధతినీ మొదటి సెమిస్టర్‌లోనే, క్రెడిట్లున్న కోర్సుగా, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ నేర్పవలసిన బాధ్యత విశ్వవిద్యాలయానిది. దీన్ని విద్యాహక్కులో భాగంగా స్త్రీల సంఘాలు డిమాండు చెయ్యాలి. ఇది కాలేజీ వ్యవహారం, మనకెందుకని వదిలేస్తే ఎవరు నష్టపోతారో చూద్దాం.

ఉదాహరణకు వేటపాలెం తీసుకుందాం. 1970కి ముందు గుంటూరు జిల్లాలో, తర్వాత ప్రకాశం జిల్లాలో, 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉన్న ఊరు. పడమటికి పోతే పత్తి, మిరప చేలు, తూర్పున సముద్రం, ఊళ్లో మగ్గాలూ జీడిపప్పు పనీ. మగ్గం మీద కూర్చున్న మగవాడు నేతగాడు. పక్కన కండెలు చుట్టే ఆడమనిషికి వేరే పేరు లేదు, వేరే కూలీ లేదు, ఆమె ‘ఇంట్లో సాయం’. జీడిగింజలు కొట్టి పప్పు తీసే పనిలో, పొట్టు తీసి ఏరే పనిలో ఉన్నది ఆడవాళ్లే. పెంకులోంచి కారే జీడి నూనె వేళ్ల మీది చర్మాన్ని కాల్చేస్తుంది. ఈ ఇళ్లలో ఆడపిల్లలు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నారు. చీరాలకో బాపట్లకో ఒంగోలుకో బస్సులోనో రైల్లోనో వెళ్లి చదివి, చాలామంది ఫస్టు క్లాసులో పాసవుతున్నారు. ఇంట్లో డిగ్రీ చూసిన మొదటి మనిషి ఆ పిల్లే అయిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

2021 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పీజీ ప్రవేశాలకు రాష్ట్రమంతటికీ ఒకే పరీక్ష వచ్చింది. 2022 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాల పీజీ సీట్లకూ దేశమంతటికీ ఉమ్మడి పరీక్ష వచ్చింది. ర్యాంకు వస్తే ఆ పిల్ల గుంటూరు దగ్గరి నాగార్జున విశ్వవిద్యాలయానికో, విశాఖకో, తిరుపతికో, హైదరాబాదుకో వెళ్తుంది. పెళ్లి కొంచెం వెనక్కి జరిపించుకుని, ఇంట్లో వాళ్లను ఒప్పించి వెళ్తుంది. అక్కడికి వెళ్లాక జరిగేదే మన చర్చ.

డిగ్రీలో ఆమె నేర్చుకున్నది మూడు గంటల పరీక్ష రాయడం. గైడులో పది ఎస్సే ప్రశ్నలు, ఇరవై షార్ట్ నోట్సులు ఉంటాయి. నిర్వచనం, లక్షణాలు, ప్రయోజనాలు, ముగింపు. దాన్ని ఆమె శ్రద్ధగా నేర్చుకుంది. అందుకే మార్కులొచ్చాయి. విశ్వవిద్యాలయంలో మొదటి వారంలోనే ఇంగ్లీషు వ్యాసాల జాబితా ఇచ్చి, పది నిమిషాల సెమినార్ ప్రజెంటేషన్, మూడువేల మాటల టర్మ్ పేపర్ అంటారు. టర్మ్ పేపర్ అంటే ఏమిటో ఎవరూ చెప్పరు. విషయం వేరు, ప్రశ్న వేరు అని చెప్పరు. ఇతరుల వాదాన్ని నిజాయితీగా చెప్పి, దాని పక్కన తన వాదాన్ని ఎలా నిలబెట్టాలో చెప్పరు. ఎక్కడ ఉటంకించాలో, ఎక్కడ సొంత మాటల్లో చెప్పాలో, ‘నేను’ అని రాయవచ్చో లేదో చెప్పరు. ఇవన్నీ వచ్చేసి ఉండాలని అనుకుంటారు. నగరాల్లో మంచి ఇంగ్లీషు మీడియం కాలేజీల్లో చదివినవాళ్లకు, ఇంట్లో పుస్తకాల బీరువా ఉన్నవాళ్లకు కొంత వచ్చి ఉంటుంది కూడా. సెమిస్టర్ చివర మనం మార్కులు వేస్తున్నది సగం ఆ ఇళ్లకే. దానికి మెరిట్ అని పేరు పెడుతున్నాం.

కొన్నేళ్ల క్రితం నేను పాఠం చెప్పిన ఒక క్లాసులో ఒక విద్యార్థిని ‘అసంఘటిత రంగంలో మహిళలు’ అని పేపర్ ఇచ్చింది. పన్నెండు పేజీలు. అందులో అసంఘటిత రంగానికి నాలుగు నిర్వచనాలు, ప్రభుత్వ పథకాల పేర్లు, ఎక్కడో దింపుకున్న ముగింపు. ఆమెతో కూర్చుని మాట్లాడితే, వాళ్లమ్మ జీడి బట్టీలో పని చేస్తుందని తెలిసింది. కూలీ రోజుకా, కిలోకా, విరిగిన పప్పుకు ఎంత కోత పడుతుంది, వేళ్లకు ఏం రాసుకుంటారు, వానాకాలం పని లేకపోతే అప్పు ఎవరి దగ్గర తెస్తారు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ‘ఇందులో ఒక్క ముక్క పేపర్లో లేదేమ్మా?’ అంటే, ‘అది రాయొచ్చా మేడమ్?’ అని అడిగింది. ‘చదివింది అర్థమవుద్ది మేడమ్, చెప్పమంటే చెప్తాను. రాయమంటేనే ఎక్కడ మొదలెట్టాలో తెలియట్లా’ అంది.

‘అది రాయొచ్చా’ అన్నది వ్యాకరణం ప్రశ్న కాదు. ఏది జ్ఞానం, ఏది కాదు, దాన్ని చెప్పే అధికారం ఎవరిది అనే ప్రశ్న. స్త్రీ ఉద్యమం నలభై ఏళ్లకు పైగా అడుగుతున్న ప్రశ్న. దానికి జవాబు చెప్పవలసింది రచనా కోర్సే. అమ్మ చెప్పింది సాక్ష్యం ఎలా అవుతుంది, ఒక్క అమ్మ చెప్పింది చాలుతుందా, ఇంకెంతమందిని అడగాలి, ఎవరి పేరు బయటపెట్టకూడదు, ఆ నాలుగు నిర్వచనాల్లో ఏది ఆమె పనిని లెక్కలోకి తీసుకుంటోంది, ఏది వదిలేస్తోంది, ఇవి నేర్పితే ఆ పన్నెండు పేజీల స్థానంలో ఆరు మంచి పేజీలు వచ్చేవి.

ఇందులో ఆడపిల్లలకు ప్రత్యేకంగా పడే భారం ఉంది. సెమినార్ అంటే నలుగురి ముందు లేచి, చదివినదానితో విభేదించడం. అవసరమైతే టేబులు అవతల కూర్చున్న సారుతో కూడా. ‘పెద్దవాళ్లకు ఎదురు మాట్లాడకు’ అని పెంచిన పిల్లను, ఏ అభ్యాసమూ లేకుండా ఒక్కరోజులో ఎదురు మాట్లాడమని, మాట్లాడలేదని మార్కులు కోస్తున్నాం. మగపిల్లలు ఈ విద్యలో కొంత బయట నేర్చుకుంటారు. రాత్రి లైబ్రరీలో, టీ బంకు దగ్గర, సీనియర్ల గదుల్లో. హాస్టల్ గేటు పెందలాడే మూసేస్తే ఆ బడి ఆడపిల్లలకు లేదు. ఇంకొక సంగతి బాహాటంగా చెప్పుకోవాలి. రాయడం నేర్పడం కోర్సుగా లేనప్పుడు అది ఎవరో ఒకరు చేసే మేలు అవుతుంది. డ్రాఫ్ట్ దిద్దిపెట్టే సీనియర్, ‘గదికి రా, చూపిస్తాను’ అనే గైడు, వీళ్ల దయ మీద ఆడపిల్ల చదువు నిలబడుతుంది. మేలుకు ప్రతిఫలం అడిగేవాళ్లుంటారని మనకు తెలుసు. లైంగిక వేధింపుల మీద 2013లో చట్టం వచ్చింది, విశ్వవిద్యాలయాల కోసం యూజీసీ 2015 నిబంధనలు వచ్చాయి. కమిటీలు వేయించుకున్నాం, మంచిదే. కానీ వేధింపుకు వీలిచ్చే ఆధారపడటాన్ని తగ్గించే పని కమిటీలు చెయ్యవు. నలుగురి మధ్య, టైంటేబుల్లో, తలుపులు తెరిచిన తరగతిలో నేర్పితే ఆ ఆధారపడటం తగ్గుతుంది.

నేర్పడానికి లేని తొందర శిక్షించడానికి ఉంది. 2018లో యూజీసీ గ్రంథచౌర్యం మీద నిబంధనలు తెచ్చింది. థీసిస్‌లో పోలిక పది శాతం దాటితే సవరణ, నలభై దాటితే ఏడాది పాటు మళ్లీ ఇవ్వకుండా నిలిపివేత, అరవై దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. చౌర్యాన్ని నేను సమర్థించడం లేదు. డబ్బిచ్చి థీసిస్ రాయించుకునేవాళ్లను పట్టుకోవలసిందే. కానీ గైడులో ఉన్నది ఉన్నట్టు దింపితే మార్కులు వేసిన వ్యవస్థే, పదిహేనేళ్ల తర్వాత హఠాత్తుగా అదే పనికి దొంగ అని పేరు పెడుతోంది. మధ్యలో ఉటంకింపు అంటే ఏమిటో ఎవరు చెప్పారు? పరిశోధనా నైతికత మీద కోర్సును పీహెచ్‌డీ విద్యార్థులకు తప్పనిసరి చెయ్యమన్నది 2019 డిసెంబరులో. అంతకుముందు 2009 నిబంధనలతో పీహెచ్‌డీకి కోర్సు వర్కు వచ్చింది. రెండూ పీహెచ్‌డీ గుమ్మం దాటాక వచ్చేవే. ఎం.ఏ. మొదటి ఏడాదిలో సెమినార్ పేరు చెబితే వణికి, అటెండెన్సు తగ్గి, ఇంటికి వెళ్లి పెళ్లి చేసుకున్న పిల్ల ఆ గుమ్మం దాకా రానే రాదు.

మధ్యలో ఒక మెట్టు ఉండేది, ఎం.ఫిల్. ఏడాదో రెండేళ్లో ఒక చిన్న డిసర్టేషన్ రాస్తూ పరిశోధన అంటే ఏమిటో చేతితో నేర్చుకునే చోటు. దేశంలో ఎం.ఫిల్.లో చేరేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువగా ఉండేవారు. 2020 జాతీయ విద్యావిధానం దాన్ని వద్దంది, 2022 యూజీసీ నిబంధనలతో అది పోయింది. ఆ మెట్టు తీసేసినవాళ్లు దాని బదులు ఇంకొకటి కట్టలేదు. 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ తెచ్చి, ఒక సంస్థలో సంపాదించిన క్రెడిట్లు ఇంకొక సంస్థకు బదిలీ చేసుకోవచ్చన్నారు. క్రెడిట్లు బదిలీ అయినంత మాత్రాన రాసే పద్ధతి బదిలీ కాదు. డిప్లొమా చదివి ఈసెట్ ద్వారా నేరుగా ఇంజనీరింగు రెండో ఏడాదిలో చేరే పిల్లల సంగతీ అంతే. మొదటి ఏడాదిలో ఉండే ఇంగ్లీషు పాఠం, కమ్యూనికేషన్ ల్యాబు వాళ్లకు అసలు ఎదురుపడవు. మూడో ఏడాదిలో సెమినార్ మాత్రం అందరితోపాటూ ఇవ్వాలి.

ఇక నాకు ఎదురయ్యే అభ్యంతరాలు.

మొదటిది, ‘రెమెడియల్ కోచింగ్ ఉంది కదా?’ క్లాసులయ్యాక, సాయంత్రం, క్రెడిట్లు లేకుండా, వెనకబడిన కులాల పిల్లలకు మాత్రమే అని బోర్డు పెట్టి నడిపేది వెళ్లినవాళ్ల మీద ముద్ర వేస్తుంది. పైగా అక్కడ నేర్పేది ఎక్కువగా టెన్సులు, ప్రిపోజిషన్లు. వాదం నిర్మించడం టెన్సుల్లో రాదు.

రెండోది, ‘డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అయిపోయింది, ఇక సమస్య ఉండదు.’ 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోనే అని ప్రభుత్వం నిర్ణయించింది. దానితో మారింది గైడు భాష. తెలుగు గైడు బట్టీ పట్టిన పిల్ల ఇంగ్లీషు గైడు బట్టీ పడుతోంది, ఇంతకుముందు అర్థమైనంత కూడా అర్థం కాకుండా. ఇంగ్లీషు మన పిల్లలకు కావాలి, దళిత బహుజన ఉద్యమాలు దాన్ని అడగడం న్యాయం. అడిగినవాళ్లకు మీడియం పేరు మార్చి ఇచ్చి, భాష ఇవ్వకుండా వదిలేయడం మోసం.

మూడోది, ‘తెలుగులో అకడమిక్ రచన సాధ్యం కాదు.’ 1918లోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది, అనువాదాల కోసం ప్రత్యేక సంస్థనే పెట్టుకుంది. కాలేజీ స్థాయి పాఠ్యపుస్తకాల కోసం మన తెలుగు అకాడమీ 1968లో వచ్చింది. స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ను 1986లో తెలుగులో వేసింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీల మాటలే ఆధారంగా చరిత్రను ప్రశ్నించిన ఆ పుస్తకం పరిశోధన కాదంటే ఇంకేది పరిశోధన? అది ముందు తెలుగులో వచ్చి, ఇంగ్లీషులోకి 1989లో వెళ్లింది.

నాలుగోది, ‘ఇలాంటి కోర్సులు పెడితే ప్రమాణాలు తగ్గుతాయి.’ న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయంలో సరిగ్గా ఇదే మాట అన్నారు. 1969లో సిటీ కాలేజీలో నల్లజాతి, ప్యూర్టోరికన్ విద్యార్థులు సమ్మె చేసిన తర్వాత, 1970లో నగరంలో హైస్కూలు పాసైన అందరికీ ప్రవేశం ఇచ్చారు. రాయడం రాని పిల్లలు వేల సంఖ్యలో వచ్చారు. మీనా షాఘ్నెసీ అనే అధ్యాపకురాలు వాళ్లు రాసిన నాలుగు వేల వ్యాసాలను కూర్చుని చదివి, 1977లో పుస్తకం రాసింది. ఆ తప్పులు తెలివితక్కువతనం వల్ల వచ్చినవి కావనీ, వాటికి ఒక తర్కం ఉందనీ, ఆ తర్కం తెలుసుకుంటే నేర్పవచ్చనీ చూపించింది. అదే కాలేజీలో ఇలాంటి విద్యార్థుల కోసం పెట్టిన కార్యక్రమంలో 1960ల చివర ఆడ్రియన్ రిచ్, ఆడ్రీ లార్డ్, జూన్ జోర్డాన్ పాఠాలు చెప్పారు. మనం స్త్రీవాద కవులుగా చదువుకునేవాళ్లు మొదటి ఏడాది పిల్లలకు పేరాలు రాయడం నేర్పారు. దాన్ని తక్కువ పని అనుకోలేదు. అమెరికాలో రెండేళ్ల కాలేజీ నుంచి విశ్వవిద్యాలయానికి మారే విద్యార్థుల కోసం రచన, సెమినార్ కోర్సులు ప్రత్యేకంగా పెట్టిన విశ్వవిద్యాలయాలు ఈనాటికీ ఉన్నాయి. అక్కడా ఇది ఎవరూ ఉదారంగా ఇచ్చింది కాదు, సమ్మె చేస్తే వచ్చింది.

అంత దూరం ఎందుకు, నెల్లూరు చూద్దాం. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు పాఠాల్లో తమ బతుకును, సారా పాడుచేసిన ఇళ్లను చూసుకున్నారు. చదువుతూ మాట్లాడారు, మాట్లాడుతూ కదిలారు. దూబగుంటలో సారా అంగడి మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మనిషికి తెలిసినదానితో మొదలుపెడితే అక్షరం ఎంత పని చేస్తుందో మనకు ఎవరూ బయటినుంచి వచ్చి చెప్పనక్కర్లేదు. రాత్రిబడిలో పనికొచ్చిన పద్ధతి ఎం.ఏ. క్లాసులో పనికిరాదా?

వేటపాలెంలోనే సారస్వత నికేతనం ఉంది. 1918లో వి.వి. శ్రేష్ఠి గారు స్థాపించిన గ్రంథాలయం. దాని భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశారు. అక్కడి పాత పత్రికల సంపుటాల కోసం విదేశాల నుంచి పరిశోధకులు వస్తారు, థీసిస్‌లు రాసుకుని వెళ్తారు. ఆ ఊరి నుంచి విశ్వవిద్యాలయానికి వెళ్లిన పిల్ల మాత్రం తన ఊరి లైబ్రరీలో ఉన్నది ప్రాథమిక ఆధారమని తెలియక, ఫోనులో దొరికిన నిర్వచనం దింపుతుంది. ఇప్పుడైతే దింపనక్కర్లేదు, 2022 చివర చాట్‌జీపీటీ వచ్చాక మూడువేల మాటలు అడిగితే యంత్రమే రాసిస్తుంది. దాన్ని ఎలా పట్టుకోవాలా అని విభాగాలు తల బద్దలు కొట్టుకుంటున్నాయి. జీడి బట్టీలో కోత ఎంతో ఆ యంత్రానికి తెలియదు. పిల్లకు తెలుసు. సెలవుల్లో పది రోజులు సారస్వత నికేతనంలో పాత పత్రికలు చూసి, పది రోజులు బట్టీలో ఆడవాళ్లతో మాట్లాడి రాయమని చెప్పి, రాసింది నాలుగుసార్లు దిద్దితే, యంత్రాన్ని పట్టుకునే సమస్య చాలావరకు తీరుతుంది. పనిభారం మాత్రం అధ్యాపకుల మీద పడుతుంది. పోస్టులు నింపకుండా గెస్టు లెక్చరర్లతో నడిపే విభాగాల్లో నాలుగుసార్లు ఎవరు దిద్దుతారు? కాబట్టి ఖాళీల భర్తీ కూడా ఈ డిమాండులో భాగమే.

ఇప్పుడు ఈ పత్రిక చదివే స్వచ్ఛంద సంస్థల మిత్రులతో ఒక మాట. మన ఆఫీసుల్లో ఏం జరుగుతోంది? ఊళ్లు తిరిగి, ఆడవాళ్లతో కూర్చుని, ఏడిస్తే ఓదార్చి, వివరాలు రాసుకొచ్చేది ఫీల్డ్ వర్కర్. ఆమె తెచ్చినదాన్ని ‘డేటా’ అంటాం. హైదరాబాదులో ఇంగ్లీషు వచ్చినవాళ్లు దాన్ని ‘రిపోర్టు’ చేస్తారు, అట్ట మీద వాళ్ల పేరుంటుంది. లోపల కృతజ్ఞతల పేజీలో ‘మా ఫీల్డ్ సిబ్బందికి’ అని ఒక ముక్క. పదేళ్లు పనిచేసినా ఆ ఫీల్డ్ వర్కర్‌కు రిపోర్టు రాయడం ఎవరూ నేర్పరు. జీతం పెరగదు, పదవి మారదు. మగ్గం దగ్గర కండెలు చుట్టే ఆడమనిషి ‘సాయం’ లెక్కలోకి పోవడానికీ దీనికీ తేడా ఏమిటి? విశ్వవిద్యాలయాన్ని అడిగేదే మన ఆఫీసునూ అడగాలి.

మనం అడగవలసినవి ఇవి. ఒకటి, పీజీ మొదటి సెమిస్టర్‌లో అకడమిక్ రచన, సెమినార్ కోర్సు, క్రెడిట్లతో, అందరికీ. కొందరిని విడదీసి కాదు. రెండు, దాన్ని ఇంగ్లీషు విభాగానికి అప్పజెప్పి చేతులు దులుపుకోకుండా ఆయా సబ్జెక్టుల అధ్యాపకులే నేర్పాలి. మూడు, విద్యార్థి తెలుగులో రాసి, తర్వాత ఇంగ్లీషులోకి తెచ్చుకునే వీలు, మొదటి డ్రాఫ్టుకు మార్కులు లేకుండా దిద్దుబాటు. నాలుగు, లైబ్రరీ ఎంతవరకు తెరిచి ఉంటే అంతవరకు ఆడపిల్లల హాస్టల్ గేటూ తెరిచి ఉండాలి. ఐదు, నేర్పిన తర్వాతే గ్రంథచౌర్యం శిక్షలు. ఆరు, మన సంస్థల్లో ఏ రిపోర్టయినా ఫీల్డ్ వర్కర్ల పేర్లు రచయితలుగా, వాళ్లకు రాసే శిక్షణ పనివేళల్లో.

ఈ మార్పుకు చట్టసభ దాకా పోనక్కర్లేదు. సిలబస్ నిర్ణయించేది ప్రతి విభాగానికీ ఉండే బోర్డ్ ఆఫ్ స్టడీస్. అందులో మనకు తెలిసినవాళ్లున్నారు, స్త్రీ అధ్యయన కేంద్రాల్లో మన మిత్రులున్నారు. ఈ విద్యాసంవత్సరం సమావేశాలు జరిగేలోపు మీ జిల్లాలో విశ్వవిద్యాలయానికి వెళ్లి మధ్యలో తిరిగి వచ్చేసిన ఆడపిల్లలు ఎవరెవరో, ఎందుకు వచ్చేశారో కనుక్కోండి. వాళ్లు చెప్పింది వాళ్ల చేతే రాయించండి. ఆ కాగితాలు పట్టుకుని బోర్డు ముందుకు వెళ్దాం.